దసరా నాటి పనిగంటలు

అమలాపురంలో ఒక బట్టల కొట్టు పైన మా ఆఫీసు ఉండేది. హైదరాబాదు కంపెనీ ఒకటి బీమా దరఖాస్తులను స్కాన్ చేసి, ఆ బొమ్మలు మాకు పంపేది. అన్నీ గోదావరి జిల్లాల వాళ్ళు చేత్తో నింపినవే. పధ్నాలుగు మంది వాటిని చదివి కంప్యూటర్లోకి ఎక్కించేవారు. నేను వాళ్ళ మీద సూపర్‌వైజరుని. రెండువేల సంవత్సరం దాటిన నాలుగైదేళ్ళకు జరిగిన సంగతి ఇది.

ఆ వేసవిలో కంపెనీ ప్రతి కంప్యూటర్లోనూ ఒక సాఫ్ట్‌వేరు పెట్టించింది. ఎవరు ఎంతసేపు కీలు నొక్కారో, ఎంతసేపు ఊరికే ఉన్నారో అది రాసుకునేది. సోమవారం పొద్దున్న రిపోర్టు వచ్చేది. మనిషికొక గీత. కీలు నొక్కినంతసేపూ ఆకుపచ్చ. ఐదు నిమిషాలు నొక్కకపోతే ఎరుపు. దాన్ని చదివి, సంతకం పెట్టి హైదరాబాదు పంపడం నా పని.

మా సత్సంగంలో శనివారం పారాయణం చేసేది నేనే. ఒక శ్లోకం అర్థం తెలియకుండా తర్వాతి శ్లోకానికి పోకూడదని మా గురువుగారి ఆజ్ఞ. రిపోర్టునీ అలాగే చదివాను. అన్ని గీతలూ ఒకేసారి ఎర్రబడితే కరెంటు పోయినట్టు. పదకొండింటికి వరసగా ఎర్రబడితే టీ వచ్చినట్టు. కిటికీ పక్కన కూర్చునే ఆయన గీతలో మాత్రం ఎరుపన్నదే ఉండేది కాదు. వెళ్ళి చూస్తే, ఒక చేత్తో ఫోను పట్టుకుని బావమరిదితో మాట్లాడుతూ, రెండో చేతి బొటనవేలితో స్పేస్‌బార్ నొక్కుతున్నాడు.

అందరికంటే ఎక్కువ ఎరుపు ఉన్న గీత కొత్తపేట నుంచి బస్సులో వచ్చే ఒకావిడది. ఇక్కడికి రాకముందు ఆవిడ పదేళ్ళు దస్తావేజులు రాసేవారి దగ్గర పనిచేసింది. భర్త మస్కట్‌లో నడుం దెబ్బతిని తిరిగొచ్చాక ఇంటికి ఆవిడ ఉద్యోగమే ఆధారం. రిపోర్టు ప్రకారం ఆవిడ ఎనిమిది గంటల్లో రెండు గంటలు పనిచేసేది.

వినాయకచవితి వెళ్ళాక హైదరాబాదు మేనేజరు ఫోను చేశాడు.

"అందరికంటే తక్కువ పనిచేసే ఒకరిని దీపావళిలోపు తీసెయ్యాలండీ. పేరు మీరే రాసి పంపండి."

ఆ పేరు ఎవరిదో మా ఇద్దరికీ తెలుసు. రెండు రోజుల్లో ఆవిడకీ తెలిసింది.

ఒక వారం నేను రిపోర్టు పక్కన పెట్టి ఆవిడనే చూశాను. కుర్చీలో కూర్చుని పది నిమిషాలు కాకుండానే ఎవరో ఒకరు పిలిచేవారు.

"పిన్నిగారండీ, ఒక్కసారి రారా? ఇది ఏ ఊరో తెలిసి చావట్లేదు."

ఆవిడ లేచి వెళ్ళి ఆ అమ్మాయి భుజం మీదుగా చూసేది. "వక్కలంక. అదే కట్టుకోబోయేవాడి ఉత్తరమైతే కవరు విప్పకుండానే చదివేద్దువు."

"పోండి పిన్నిగారూ!"

అక్కడి నుంచి ఇంకో కుర్చీ, ఇంకో సంతకం, ఇంకో ఇంటిపేరు. ఎంత పాడు దస్తూరీ అయినా ఆవిడ నిలబడే చదివేసేది. అంతసేపూ ఆవిడ కంప్యూటరు ఎర్రగా ఉండేది.

జపం మూడు రకాలు. పైకి వినపడేది, పెదవులు మాత్రం కదిలేది, మనసులోనే సాగేది. మూడోది అన్నిటికంటే గొప్పదని శాస్త్రం. మా సాఫ్ట్‌వేరు మొదటిదాన్ని మాత్రమే గుర్తిస్తుందని మేనేజరుకు వివరించాను.

"జపం సంగతి తర్వాత చూద్దామండీ, పేరు పంపండి" అన్నాడు.

ఇంతలో దసరా వచ్చింది. ఆఫీసులో ఆయుధపూజ చేయించింది నేనే. కీబోర్డుకు పసుపు, కుంకుమ, దాని మీద ఒక మందారం, ఒక కొబ్బరికాయ. మిగతా ఊళ్ళలో ఆఫీసుకు ఒక కాయతో సరిపెడతారేమో, మాకు ఆ ఖర్మ లేదు. మనిషికొకటి తెచ్చుకున్నారు. కీబోర్డు మీదే పెట్టమన్నది నేను. పూజలో ఉన్న యంత్రాన్ని ఆపకూడదన్నదీ నేనే.

ఆవిడ మాత్రం తన కాయను కీబోర్డు పక్కన, బల్ల మీద పెట్టింది.

"అందరిలా మీద పెట్టమ్మా" అన్నాను.

"దాని నిండా అక్షరాలున్నాయి కదండీ బాబాయిగారూ. అక్షరాల మీద బరువు పెడతామా అండీ?"

"ఆయ్, అదీ నిజమే" అన్నాను. నిజమే అన్నవాణ్ణి మిగతా పదమూడు కాయలూ తీయించాలి. హారతికి వేళవుతోందని తీయించలేదు. మంత్రపుష్పం చెప్పి, తాళం వేసి అందరం ఇళ్ళకు వెళ్ళిపోయాం. ఆ మర్నాడూ సెలవే. ఆ రెండు రోజులూ అమలాపురంలో కరెంటు పోలేదు.

సోమవారం రిపోర్టులో పండగ రెండు రోజులూ పదమూడు గీతలు ఈ కొస నుంచి ఆ కొస దాకా ఆకుపచ్చ. ఆవిడ గీత ఒక్కటే పూర్తిగా ఎరుపు. నేనింకా కాగితం పట్టుకుని ఉండగానే ఫోను మోగింది.

"పండగపూట కూడా పనిచేశారంటే మామూలు విషయం కాదండీ! ఎండీగారికి చూపించాను. మిగతా ఆఫీసులన్నిటికీ మీ రిపోర్టే పంపిస్తున్నాం. ఆవిడొక్కరే రాలేదు. ఇంకేం చూస్తారు?"

మళ్ళీ చేస్తానని పెట్టేశాను. కిటికీ పక్కాయన నా బల్ల దగ్గరికి వచ్చాడు.

"మనమేం అబద్ధం చెప్పలేదు కదండీ. ఊరుకుంటే పోద్ది."

ఊరుకుంటే పోయేది ఆవిడ ఉద్యోగం. తెలిసి ఊరుకోవడం అసత్యంలో భాగమేనని నేను సత్సంగంలో ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. విన్నవాళ్ళు పాటించారో లేదో తెలియదు గానీ, చెప్పినవాడికి ఇక దారి లేదు. ఫోను తీశాను.

"పూజ అయ్యాక ఆ రెండు రోజులూ ఆఫీసులో ఎవరూ లేరండీ. తాళం వేసింది నేనే."

"మరి పనిచేసిందెవరు?"

"కొబ్బరికాయలండీ."

అవతల రిపోర్టు తిరగేస్తున్న చప్పుడు వినపడింది.

"పదమూడూనా?"

"ఆయ్. ఆవిడ తన కాయ పక్కన పెట్టుకుంది. ఆ రెండు రోజుల్లో ఆవిడ గీత ఒక్కటే నిజం."

"సరే, మిగతా రోజుల మాటేమిటి?"

"మూడు రోజులు ఆవిడకి సెలవిస్తాను. రిపోర్టు ఏ రోజుకారోజు తీయించి, ఆవిడ గీత వదిలేసి మిగతావాళ్ళవి చూడండి. అప్పటికీ పేరు కావాలంటే కాయలు పెట్టించిన నా పేరు రాసుకోండి."

ఆవిడ సెలవు కాగితం అందుకుని, "మళ్ళీ రమ్మంటారా అండీ?" అని ఒక్క మాట అడిగి బస్సుకు వెళ్ళిపోయింది.

మొదటిరోజు మధ్యాహ్నానికి ఆరుగురు ఒకే కంప్యూటరు చుట్టూ చేరి ఒక ఇంటిపేరు మీద వాదులాడుకున్నారు. రెండోరోజు ఒక సంతకం అర్థం కాక కుర్చీ కుర్చీకీ తిరిగిన కిటికీ పక్కాయన గీతలోనూ ఎరుపు కనపడింది. మూడోరోజు సాయంత్రం మేనేజరే ఫోను చేశాడు.

"ఆవిడని రమ్మనండి." నా పేరు సంగతి అతనూ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. మిగతా ఆఫీసులకు పంపిన ఆ దసరా రిపోర్టు వెనక్కి తెప్పించారో లేదో నాకు తెలియదు.

తర్వాతి సోమవారం కాగితం మీద పదమూడు గీతలే ఉన్నాయి. ఆవిడ దాన్ని పైనుంచి కింది దాకా రెండుసార్లు చూసింది.

"నన్ను తీసేసేరా అండీ?"

"సాఫ్ట్‌వేరులోంచి తీశారమ్మా. ఆఫీసులోంచి కాదు."

"అందరికీ గీత ఉండి నాకొక్కదానికే లేకపోతే ఏం బావుంటుందండీ?"

నేనేదో సర్దిచెప్పబోయాను. ఆవిడ వినలేదు. రెండు రోజులు నాతో సరిగా మాట్లాడలేదు.