గోడ మీద మామ చెయ్యి

మా పక్కింటి మామ పోయి ఇవాళ్టికి పదిహేను రోజులు. ఆ మంగళవారం మధ్యాహ్నం మూడు దాటింది. నేను కంప్యూటర్ ముందు కూర్చుని, పదో తరగతి తప్పిన ఆడపిల్లలకు లెక్కలు చెబుతున్నాను. అత్త గోడ అవతలి నుంచి అరచేత్తో రెండుసార్లు కొట్టి, "బిడ్డా, ఓపాలి రాయే. మీ మామ పలుకుత లేడు" అంది. పిల్లలకు ఒక్క మాట చెప్పి పరుగెత్తాను. వరండాలో పడక కుర్చీలో ఎప్పటిలాగే కాళ్ళు చాపుకుని ఉన్నాడు. కళ్ళజోడు ముక్కు మీదే ఉంది. చెయ్యి పట్టుకుంటే ఇంకా వెచ్చగానే ఉంది. డాక్టరమ్మ వచ్చి చూసి, గుండె ఆగిపోయిందనీ, బాధ తెలిసి ఉండదనీ చెప్పింది.

రెండేళ్ళలో నా క్లాసు మధ్యలో ఆగిపోవడం అదే మొదటిసారి. అంతకుముందు వారానికి నాలుగుసార్లు ఆగేది. ఆగకుండా చేసింది ఆ కుర్చీలోని మనిషే. ఆ సంగతి నేను తప్ప ఎవరూ రాయరు కాబట్టి రాస్తున్నాను.

మాది హట్టి, బంగారు గని ఊరు. మా ఆయన గని స్టోర్సులో గుమాస్తా. నేను మక్తల్ దగ్గరి పల్లె నుంచి పెళ్ళయి ఇక్కడికి వచ్చాను. మా క్వార్టర్‌కూ మామ వాళ్ళ క్వార్టర్‌కూ ఒకటే గోడ. చుట్టరికం ఏమీ లేదు. వచ్చిన మొదటి వారం అత్త పుంటికూర పప్పు గిన్నెతో వచ్చి, "మమ్ముల అత్తా మామా అను. ఆంటీ అంకులంటే మాకు పలుకుడు రాదు" అంది. ఆ గిన్నె ఎప్పుడూ ఖాళీగా తిరిగి వెళ్ళలేదు, అలాగని ఎప్పుడూ మా ఇంట్లోనే ఉండిపోనూ లేదు.

మామ ముప్పై ఏళ్ళు గనిలో బ్లాస్టర్‌గా చేశాడు. బండకు తొలిచిన రంధ్రాల్లో మందు కూరి పేల్చడం ఆ పని. పేల్చడం కన్నా ముఖ్యమైన పని ఇంకొకటి ఉందని మామ అనేవాడు. అది ఎన్ని పేలాయో లెక్కపెట్టడం. ఒక్కటి తక్కువ వచ్చిందంటే పేలని మందు బండలో ఇంకా ఉన్నట్టే. తర్వాతి షిఫ్టువాడు తెలియక అక్కడ డ్రిల్లు ఆనిస్తే ఇక చెప్పడానికేముంది.

ఒకసారి లెక్కలో ఒకటి తగ్గిందట. రెండు కలిసి పేలి ఉంటాయని అందరూ అన్నారు. మామ మాత్రం రిజిస్టర్‌లో సంతకం పెట్టనన్నాడు. తర్వాతి షిఫ్టు వాళ్ళు పైన నిలబడి తిట్టుకుంటున్నా వినలేదు. ఆగవలసినంత సేపు ఆగి, తానే ముందు లోపలికి వెళ్ళి చూస్తే ఒకటి పేలకుండా మిగిలే ఉంది. ఇది అత్త చెప్పిన సంగతి. మామను అడిగితే, "హిసాబ్ తక్కువైతే తక్కువనే జెప్పాలె గద, గండ్ల గొప్పేంది?" అనేవాడు.

రిటైరయ్యాక కూడా ఆ అలవాటు పోలేదు. పోకపోవడానికి కారణమూ ఉంది. కొడుకు, నాకు వరసకు మరిది, అదే పనిలో చేరాడు. మొదటి షిఫ్టు అయిపోయే ముందు, రెండున్నరకూ మూడింటికీ మధ్య, కింద మందు పేలుతుంది. ఆ వేళకు మామ భోంచేసి వరండాలో కుర్చీలో వాలేవాడు. వాలుతూ చెయ్యి వెనక గోడకు ఆనించేవాడు. ఏక్, దో, తీన్ అని సన్నగా వినబడేది. మాటంతా తెలుగే అయినా లెక్క మాత్రం ఉర్దూలో పెట్టేవాడు. కింద నేర్చుకున్న లెక్క అది, పైకి వచ్చాక కూడా మారలేదు. కొడుకు బండి దిగగానే మొదటి ప్రశ్న, "ఇయ్యాల ఎన్ని?" అని. కొడుకు అంకె చెబుతాడు. "సరి" అంటాడు మామ. అప్పుడు గాని టీ తాగడు.

ఒకరోజు మరిది విసుగులో ఏదో ఒక అంకె చెప్పేశాడు. మామ సరి అనలేదు. టీ గ్లాసు చల్లారిపోయింది. రాత్రి అన్నం కూడా తినడని తెలిసి, మరిది గొణుక్కుంటూ బండి తీసి మళ్ళీ గనికి వెళ్ళి కనుక్కుని వచ్చాడు. మామ లెక్కే నిజం. అప్పటి నుంచి పైకి రాగానే అంకె అడిగి తెలుసుకుని గాని బండి ఎక్కేవాడు కాదు.

ఇక నా కంప్యూటర్ సంగతి. పెళ్ళయి ఆరేళ్ళయినా బీఎస్సీ చదువు పప్పు డబ్బా వెనక పెట్టిన సర్టిఫికెట్‌లాగే ఉండిపోయింది. అలాంటి రోజుల్లో పాలమూరులోని ఒక ట్యూషన్ సంస్థ వాళ్ళు, పదో తరగతి తప్పి ఇంట్లో కూర్చున్న ఆడపిల్లలకు మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా లెక్కలు చెప్పమన్నారు. శనివారం ఒక్కటే సెలవు. మా ఆయన ఒక పాత డెస్క్‌టాప్ తెచ్చి, గోడకు కొట్టిన చెక్క మీద పెట్టాడు. ఆ పన్నెండు మంది పిల్లలు తప్ప నన్ను మేడం అన్నవాళ్ళు ఈ లోకంలో లేరు.

వారం తిరక్కముందే జబ్బు మొదలైంది. సమీకరణం సగంలో ఉండగా తెర నీలమైపోయేది. ఏవో ఇంగ్లీషు అక్షరాలు, ఆ వెనకే చీకటి. మళ్ళీ మొదలయ్యేసరికి పిల్లల్లో సగం మంది వెళ్ళిపోయేవాళ్ళు. పొద్దున్నే ప్రశ్నపత్రాలు తయారు చేస్తే ఏమీ కాదు. క్లాసులోనే ఆగుతుంది. వీడియో బరువు మొయ్యలేకపోతోందని మా ఆయన తేల్చాడు. విండోస్ మూడుసార్లు వేయించాం. ఫ్యాను దులిపాం. స్టెబిలైజర్ పెట్టాం. లింగసుగూరు తీసుకెళ్తే షాపతను పవర్ సప్లై పెట్టె మార్చి, రోజంతా నడిపి చూసి, "ఏనూ ఆగిల్ల అక్కా" అన్నాడు. కన్నడంలో, ఏమీ కాలేదని. చంటిపిల్లను మోసినట్టు బస్సులో ఒళ్ళో పెట్టుకుని తెచ్చాను. మర్నాడు క్లాసులో మళ్ళీ తెర నీలం.

సంస్థ వాళ్ళు ఫోను చేసి, ఇంకొక్కసారి క్లాసు ఆగితే ఈ పిల్లలను వేరే టీచర్‌కు అప్పగిస్తామని మర్యాదగానే చెప్పారు. నా చెయ్యే అలాంటిదేమో, దేన్ని ముట్టుకున్నా చెడుతుందేమో అనిపించింది. వరండాలోకి వచ్చి గట్టిగానే ఏడ్చాను. మామ కుర్చీలోంచి లేవలేదు. ఏడుపు అయ్యేదాకా ఆగి, ఎప్పుడెప్పుడు ఆగిందో రాసిపెట్టావా అని అడిగాడు. లేదన్నాను. షిఫ్టు రిజిస్టర్ లేకుండా పని ఎలా చేస్తున్నావని ఆశ్చర్యపోయాడు.

"ఒక నోటుబుక్కు వెట్టు బిడ్డా. ఎన్ని గంటలకు ఆగింది, అప్పుడేం జేస్తున్నవు, గంతే రాయి. ఎందుకాగిందో నీ మనసుకు తోచింది మాత్రం రాయకు. ఇంగోటి, మూడు పనులు ఒక్కపాలి జేయకు. ఒక్కటి జేయి, సూడు."

సంస్థ వాళ్ళను బతిమాలి రెండు వారాల గడువు తీసుకున్నాను. రోజూ రాశాను. రెండో వారం చివర మామ ఆ నోటుబుక్కు తీసుకుని, అంకెల మీద వేలు పెట్టి చదివాడు. రెండూ నలభై. రెండూ యాభై. రెండూ ముప్పై ఐదు. ఆదివారం క్లాసు ఉన్నా ఏమీ లేదు. మామ నోటుబుక్కు మూసి నా చేతికిచ్చాడు. రేపు నీ గదిలో కూర్చుంటానన్నాడు.

మర్నాడు వచ్చి తెర వైపు కాకుండా గోడ వైపు తిరిగి స్టూలు వేసుకున్నాడు. అరచెయ్యి గోడకు ఆనించాడు. నేను వృత్తాల పాఠం చెబుతున్నాను. కాసేపటికి వెనక నుంచి ఏక్ అన్నాడు. దో అన్నాడు. తీన్ అనేలోపు తెర నీలమైంది. నేను తల పట్టుకుంటే మామ నవ్వుతున్నాడు.

"మందు తాకింది బిడ్డా. గిప్పుడు పేలె గద, ఇనలేదా?"

నేను వినలేదు. ఒట్టు, నాకేమీ వినబడలేదు. మక్తల్ నుంచి మా అమ్మ వచ్చినప్పుడు ఉలిక్కిపడి ఏమిటది అంటే, ఏది అని అడిగినదాన్ని నేను. నేల అడుగున ఎవరో బస్తా దించినట్టు రోజూ ఒక అదురు ఉంటుంది. గిన్నెలు ఒకదానికొకటి తగిలి సన్నగా మోగుతాయి. ఈ ఊళ్ళో నాలుగు రోజులుంటే అది చెవికి సోకడం మానేస్తుంది. మా ఆయన పుట్టి పెరిగింది ఇక్కడే, ఆయనకైతే అసలే తెలియదు. ఊరంతటిలో ఆ చప్పుడు ఇంకా వింటున్నది మామ ఒక్కడే.

కంప్యూటర్‌ను చెక్క మీది నుంచి దించి, కింద మడత పెట్టిన బొంత మీద పెట్టాం. మర్నాడు ఆగలేదు. ఆ మర్నాడూ ఆగలేదు. నాకు పండగే. మామ మాత్రం దాన్ని మళ్ళీ చెక్క మీద పెట్టమన్నాడు. నాకు నిజంగా కోపం వచ్చింది. పోయిన దయ్యాన్ని పిలిచి పీట వేస్తారా అన్నాను.

"పోయిందంటే సాలదు బిడ్డా, ఎందుకు పోయిందో ఎరుక గావాలె. ఎరుక లేకుంట ఊకుంటె అది బండల మందు ఉన్నట్టే."

క్లాసు లేని శనివారం చూసి, దాన్ని మళ్ళీ చెక్క మీదికి ఎక్కించాం. మందు పేలింది, తెర నీలమైంది. అప్పుడు మామ మా ఆయనతో పెట్టె విప్పించి, లోపల కదిలేది ఏదైనా ఉందేమో ఒక్కొక్కటే వేలితో తాకి చూడమన్నాడు. మెమరీ కార్డు, అదే ర్యామ్, ఒక చివర గుంటలో పూర్తిగా దిగలేదు. పట్టుకోవలసిన కొక్కెం నోరు తెరుచుకుని ఉంది. అదురు వచ్చినప్పుడల్లా అది కదిలేది. షాపులో ఏ అదురూ లేదు, ఆదివారం గనికి సెలవు, అందుకే అప్పుడు ఏమీ కాలేదు.

అప్పుడు గుర్తొచ్చింది. క్లాసులు మొదలుపెట్టడానికి రెండు రోజుల ముందు, ఫోనులో ఏదో వీడియో చూసి, ఆ కార్డు ఊడదీసి రబ్బరుతో తుడిచి మళ్ళీ పెట్టింది నేనే. గట్టిగా నొక్కితే విరుగుతుందని భయపడి సగమే నొక్కాను. కరెంటును తిట్టాను, షాపతన్ని తిట్టాను, మా ఆయన పాతది కొన్నాడని సాధించాను. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు, నన్ను మామ పట్టాడు. మా ఆయన నా వైపు చూసి నోరు తెరవబోయాడు. మామ చెయ్యెత్తి ఆపాడు. "దొరికిన తప్పుతోని ఎవలికి ఏం గాదు. దొరకకుంట ఉన్నదే పానం దీస్తది" అన్నాడు.

కార్డును టక్కుమని చప్పుడయ్యేదాకా నొక్కాం. ఆ చప్పుడు వినగానే నా భుజాల మీది నుంచి ఏదో దిగిపోయింది. పెట్టెను చెక్క మీదే పెట్టి, తర్వాతి వారమంతా చూశాం. ఒక్కసారి కూడా ఆగలేదు. నా చెయ్యి చెడ్డది కాదు, ఒక్క కొక్కెం సరిగా పడలేదు, అంతే. ఈ రెండేళ్ళలో ఎంతమంది పిల్లలు గట్టెక్కారో చెబితే గొప్పలు పోయినట్టుంటుంది. ఎవరు పాసైనా మొదట మామకే చెప్పేదాన్ని. "సరి" అనేవాడు.

ఆ తర్వాత నాకూ ఒక అలవాటైంది. రెండున్నర దాటగానే పిల్లలకు ఒక లెక్క ఇచ్చి, చెవుల్లోంచి ఇయర్‌ఫోన్లు తీసి కూర్చుంటాను. కిటికీ అవతల మామ గొంతు వినబడుతుంది. ఆ మంగళవారం కూడా విన్నాను. ఏక్ నుంచి నౌ దాకా. నౌ దగ్గర ఆగింది. ఆగిందని నాకేమీ అనిపించలేదు, అక్కడికి అయిపోయిందనుకున్నాను.

మూడున్నరకు మరిది బండి వచ్చింది. దారిలోనే ఎవరో చెప్పారట. హెల్మెట్ తీయకుండానే లోపలికి వచ్చాడు. అప్పటికే మామను చాప మీద పడుకోబెట్టాం. అత్త తల దగ్గర కూర్చుని ఒకటే మాట అంటోంది. తాను వంటింట్లో ఉండగా పిలిచాడేమో, తనకు వినబడలేదేమో, ఏ మాట మనసులో పెట్టుకుని పోయాడో అని. మరిది మోకాళ్ళ మీద కూర్చుని తండ్రి చెవి దగ్గరికి వంగాడు.

"నాయినా, ఇయ్యాల తొమ్మిది."

అత్త తలెత్తి నా వైపు చూసింది. తొమ్మిదే లెక్కపెట్టాడనీ, నేను విన్నాననీ, మధ్యలో పిలవలేదనీ చెప్పాను. అత్త కొంగుతో ముఖం తుడుచుకుని, మామ కళ్ళజోడు తీసి మడిచి, "అయితె సరి" అంది. ఆ మాటకు ఏడుపు వచ్చింది నాకు. ఏడుస్తూనే మనసు తేలికపడింది కూడా.

పదకొండో రోజు అయ్యాక మరిది మళ్ళీ డ్యూటీకి వెళ్ళాడు. ఆ మధ్యాహ్నం పిల్లలకు ఒక లెక్క ఇచ్చాను. ఇయర్‌ఫోన్లు తీశాను. కిటికీ అవతల చప్పుడు లేదు. అరచెయ్యి గోడకు ఆనించాను. మొదట ఏమీ తెలియలేదు. తర్వాత గోడ లోపలి నుంచి చేతికి సన్నగా తగిలింది. ఏక్ అనుకున్నాను.

మూడున్నరకు బండి ఆగింది. మరిది వరండా మెట్టెక్కి, ఖాళీ కుర్చీ ముందు నిలబడ్డాడు. లోపలికి పోబోయి ఆగాడు. అడిగేవాళ్ళు లేకపోయినా, కుర్చీతో చెప్పినట్టు, "ఏడు" అన్నాడు.

కిటికీ ఇవతల నుంచి, పిల్లలు వింటున్నారని కూడా చూసుకోకుండా, "సరి" అన్నాను.