మా ఇంటి క్రిస్మస్ ఏ వారం

పొద్దున బడికి వెళ్తూ రుద్రారం బస్సులో సీటు దొరికి, కిటికీకి తల ఆనించానో లేదో ఫోన్ మోగింది. తమ్ముడి వాట్సాప్ సందేశం. డిసెంబర్ రాగానే ఏటా వచ్చేదే. ఇరవై ఐదో తేదీ అని బైబిల్లో ఎక్కడుంది, బాలయేసును చూడవచ్చిన జ్ఞానులు ముగ్గురని ఎవరు లెక్కపెట్టారు, ఇంటి మీద నక్షత్రం కట్టమని ఏ అపొస్తలుడు చెప్పాడు, చివర్లో రెండు చేతులు జోడించిన బొమ్మ. ఒకప్పుడు చదవగానే ఒళ్లు మండేది. ఇప్పుడు మండడానికి కూడా ఓపిక కావాలి. బ్యాగు నిండా దిద్దాల్సిన పరీక్ష పేపర్లు, మోకాళ్ల నొప్పులు, వీటన్నిటి పైన అమ్మ లేకుండా వస్తున్న మొదటి క్రిస్మస్. పోయిన ఎండాకాలంలో ఆమె వెళ్లిపోయింది. ఈసారి పిండి కలిపేది లేదు, నక్షత్రం కట్టేది లేదు అని బస్సు దిగేలోపే తేల్చుకున్నాను.

నిజానికి తేదీల సంగతి మా ఇంట్లో ఎవరూ ఎవరికీ నేర్పక్కర్లేదు. మా నాయిన పటాన్‌చెరులో ఒక ఫ్యాక్టరీలో బాయిలర్ దగ్గర పనిచేసేవాడు. ఆ కార్మికుల మధ్య ఒక ఒప్పందం ఉండేది. దసరాకు, దీపావళికి నాయిన వాళ్ల డ్యూటీలు చేయాలి, క్రిస్మస్‌కు వాళ్లు నాయిన డ్యూటీ చేయాలి. మొదటి సగం ఎప్పుడూ తప్పకుండా జరిగేది. రెండో సగం దగ్గరికి వచ్చేసరికి ఒకరికి జ్వరం, ఇంకొకరి బావమరిది పెళ్లి. బాయిలర్‌కు మతం లేదు, దానికి ఎవరో ఒకరు కావాలి. కాబట్టి ఇరవై ఐదున అమ్మ మమ్మల్ని పాత బట్టలతో చర్చికి తీసుకెళ్లి, ఆరాధన అయ్యాక ఇంటికి తెచ్చి పప్పన్నం పెట్టేది. చుట్టూ పిల్లలంతా పెళపెళలాడే కొత్త బట్టల్లో ఉంటే, నేనూ తమ్ముడూ ముఖాలు మాడ్చుకుని పాటలు పాడిన సంవత్సరాలు చాలా ఉన్నాయి. కొత్త బట్టలు, బగారా అన్నం, కోడికూర, కొబ్బరి పెట్టి నూనెలో వేయించిన గర్జెలు అన్నీ నాయిన వీక్లీ ఆఫ్ రోజునే. అది బుధవారమైతే బుధవారం, శనివారమైతే శనివారం. ఆయన నీళ్లు పోసుకుని, మసి వదలని గోళ్లతో మా మధ్య కూర్చున్నాక అమ్మ ప్రార్థన చేసేది. అప్పుడు మాకు పండుగ అయినట్టు.

మేము కిరాయికున్న ఇంటి కింద కిరాణా దుకాణం ఉండేది. ఇంటి ఓనరమ్మే దాన్ని నడిపేది, మేము పెద్దమ్మ అనేవాళ్లం. నిష్ఠగా పూజలు చేసుకునే మనిషి. అయినా అమ్మ పంపిన గర్జెల పళ్లెం ఒక్కసారి కూడా వెనక్కి రాలేదు. డిసెంబర్ సగంలో బెల్లం తూస్తూ ఆమె అడిగేది, "ఈసారి మీ పండుగ ఏ వారం పడ్డది?" రంజాన్ లాగే మా పండుగ కూడా నెలవంకను చూసి జరుపుకునేదని ఆమె నమ్మకం. నేను నవ్వి సరిదిద్దబోతే అమ్మ కళ్లతో ఆపేది. "ఇంకా తెల్వలేదు పెద్దమ్మా, డ్యూటీ చార్టు రావాలె" అని చాలా మర్యాదగా జవాబిచ్చేది.

నాయిన పోయాక తమ్ముడు కూడా ఫ్యాక్టరీ షిఫ్టుల్లోనే చేరాడు. చేరాడు, తాగుడూ నేర్చాడు. ఆ రెండేళ్లూ ఎట్లా గడిచాయో తలచుకోవడం నాకు ఇష్టం లేదు. చివరికి బీరంగూడలో ఒక దుకాణం మీది అంతస్తులో జరిగే చిన్న ప్రార్థన కూటం వాడి తాగుడు మాన్పించింది. అందుకే అమ్మ ఆ సంఘాన్ని పల్లెత్తు మాట అనేది కాదు. కాని అక్కడ బైబిల్ వాక్యంలో లేనిది ఏదీ చేయరు. క్రిస్మస్ లేదు, ఈస్టర్ లేదు, నలభై రోజుల ఉపవాసాలు లేవు. త్రిత్వం అనే మాటే బైబిల్లో లేదంటూ వాడు ఒక సాయంత్రం నాతో గొంతు పోయేలా వాదించాడు. పంతం కొద్దీ నేనూ సువార్తలు ముందేసుకుని వెతికాను. తేదీ లేదు. జ్ఞానుల లెక్క లేదు. పైగా వాళ్లు వచ్చింది పశువుల తొట్టి దగ్గరికి కాదు, ఇంటికి. పాతికేళ్లుగా ఆదివారపు బడిలో పిల్లలకు తలపాగాలు చుట్టి, ముగ్గుర్ని జ్ఞానులుగా నిలబెట్టింది నేనే. వాడు చెప్పింది చాలావరకు నిజమని ఒప్పుకోవడానికి నాకు వారం పట్టింది.

ఆ సంవత్సరం ఇరవై ఐదున వాడికి సెలవు దొరికింది, కాని ఇంటికి రాలేదు. పండుగ పేరు మీద వండింది తినను అన్నాడు. అమ్మ కంచం మీద మూత పెట్టి సాయంత్రం దాకా చూసింది. తాగి రోడ్డు మీద పడి ఉన్నప్పుడు కూడా వాడు పండుగ అన్నానికి ఇల్లు చేరేవాడు. తాగుడు మానాక రాకపోవడం ఆమెకు అర్థం కాలేదు. నన్ను కూర్చోబెట్టుకుని, "నిజంగ రాయలేదా బిడ్డా, తారీఖు?" అని అడిగింది. రాయలేదన్నాను. బియ్యం చెరిగి లేచింది. మర్నాడు వాడికి ఫోన్ చేసింది.

"తారీఖు రాయలేదట గద కొడుకా, అక్క చూసి చెప్పింది. మరి నీకు ఆఫ్ ఎప్పుడు?"

"బేస్తవారం. ఎందుకే?"

"ఆనాడు రా. పండుగ కాదు ఏం కాదు. బగారా వండుత."

వాడు వచ్చాడు. మెట్ల మీద అడుగులు వినగానే అమ్మ నక్షత్రంలో బల్బు ఆర్పేసింది. కంచంలో అన్నం అదే, కోడికూర అదే, గర్జెలు అవే. తినే ముందు ప్రార్థన వాడే చేశాడు. వాడు వీధి మలుపు తిరిగాక మళ్లీ స్విచ్ వేసింది. ఆ తర్వాత ఏటా ఇదే పద్ధతి. ఎవరూ ఎవరినీ గెలవలేదు, ఎవరూ ఆకలితో లేచిపోలేదు. నాకు మాత్రం ఇద్దరి మీదా చిరాకుగా ఉండేది. రెండుసార్లు గిన్నెలు తోమేది నేనే కదా.

ఈ సాయంత్రం పేపర్లు దిద్దుతుంటే వాడే ఫోన్ చేశాడు. వెనక మిషన్ల చప్పుడు.

"మెసేజ్ చూసినవా అక్కా?"

"చూసిన."

"జవాబియ్యలే."

"నువ్వు చెప్పింది నిజమే గదరా. ఇగ జవాబేంది?"

పక్కకు జరిగినట్టున్నాడు, మిషన్ల చప్పుడు తగ్గింది. తర్వాత వాడు, "ఈ నెల నాకు మంగళవారం ఆఫ్ పడ్డది" అన్నాడు. ఎర్ర పెన్ను పక్కన పెట్టాను. రమ్మన్నాను.

"అక్కా, నేనొచ్చినప్పుడు అమ్మ బల్బు బంద్ చేస్తుండె. నువ్వు చెయ్యకు. మెట్ల మీద చీకటుంటది."

ఫోన్ పెట్టేసి, కుర్చీ వేసుకుని అటక మీది నుంచి నక్షత్రం దించాను. ఒక కోణం నలిగింది, దుమ్ము పట్టింది. మోకాళ్లు నొప్పి పెడుతున్నాయి, కొబ్బరి కూడా తెచ్చుకోవాలి. అమ్మతో పాటే ఆ రోజులూ వెళ్లిపోయాయనుకున్నాను. మా ఇంట్లో కాలం కూడా నాయినలాగే షిఫ్టులు చేసి అలసిపోయి, ఆఫ్ దొరికిన రోజున ఇల్లు చేరుతుంది కాబోలు.