ఉల్లికాడల ఆవిడ

దయ్యాల కబుర్లు మొదలైతే నవ్వి లేచి వెళ్లిపోయే మనిషిని నేను. ఇప్పటికీ అంతే. ఈ ఒక్క సంగతి మాత్రం మింగుడుపడటం లేదు.

కరోనా రోజుల్లో మేము మస్కట్‌లో, అల్ మవాలేలో ఉండేవాళ్లం. మా తమ్ముడు కిరణ్ చైనాలో మెడిసిన్ చదివేవాడు. టీవీ పెడితే చాలు, ఆ దేశమంతా శ్మశానమైపోయినట్టు చూపించేవారు. తమ్ముడు అక్కడున్నాడని తెలిసి పక్క ఫ్లాటావిడ నాతో లిఫ్ట్ ఎక్కడం మానేసింది. వాణ్ణి చూసి రెండేళ్లయిందని చెప్పినా వినలేదు.

వాడేమో, "కూరగాయలు గేటు దగ్గరికే తెచ్చిస్తున్నారక్కా. టెస్టుకి లైన్లో నిలబడతాం, వచ్చి చదువుకుంటాం. బోరు తప్ప ఏమీ లేదు" అనేవాడు. నేను భయపడతానని అబద్ధమాడుతున్నాడనుకున్నాను.

అందుకే పొద్దున్నే వీడియో కాల్ పెట్టించి, ఫోన్‌ని పోపుల డబ్బాకి ఆనించి వంట చేసుకునేదాన్ని. వాడు అటు చదువుకునేవాడు. మాటలుండేవి కావు, మనిషి కనిపిస్తే చాలు నాకు.

వాడి వెనక కిటికీలోంచి ఎదురు భవనం బాల్కనీ కనిపించేది. ఒక పెద్దావిడ కుండీల్లో ఉల్లికాడలకి నీళ్లు పోస్తుండేది. ఒకరోజు చెయ్యి ఊపింది. నేను మా కరివేపాకు కుండీ ఎత్తి చూపించాను. ఆవిడా తన కుండీ ఎత్తింది. అంత దూరం నుంచి, ఫోన్లో ఉన్న నేను ఆవిడకెలా కనిపించానో అప్పుడు తట్టనేలేదు.

ఒక పొద్దున కిరణ్ తలనొప్పిగా ఉందని బల్ల మీద తలవాల్చాడు. నిద్రపోయాడనుకుని పోపు పెడుతున్నాను. తలెత్తితే ఆవిడ రెండు చేతులూ ఊపుతోంది, వాడినే చూపిస్తోంది. "ఒరేయ్ కిరణ్" అని ఎంత పిలిచినా వాడు కదల్లేదు. పక్క రూమ్‌లో ఉండే వాడి స్నేహితుడికి ఫోన్ చేశాను. వెళ్లి చూస్తే ఒళ్లు కాలిపోతోంది, స్పృహ లేదు. ఆసుపత్రిలో వారం ఉంచారు. ఇంకాస్త ఆలస్యమైతే కష్టమయ్యేదన్నారట.

చదువయ్యాక మస్కట్ వచ్చినప్పుడు, "మీ ఎదురు బాల్కనీలో ఉల్లికాడల ఆవిడకి ఏదైనా పంపిద్దాంరా" అన్నాను.

"ఎవరికి? ఆ ఇల్లు ఖాళీ కదక్కా. కరోనా మొదట్లోనే వాళ్ల కొత్త సంవత్సరం పండక్కి ఊరెళ్లి అక్కడే ఇరుక్కుపోయారు ఆ ఇంటివాళ్లు. కుండీలు కూడా ఎండిపోయాయి" అన్నాడు.

అక్కడ అందరూ పోయారని టీవీ చెబితే నమ్మాను. మామూలుగానే ఉన్నారని వాడు చెబితే నమ్మలేదు. ఇప్పుడు ఆవిడ లేదంటున్నాడు. ఈసారైనా వాడి మాట నమ్మాలనే ఉంది. నమ్మితే మరి, ఆ పొద్దున నా తమ్ముణ్ణి నాకు చూపించింది ఎవరు?