ఎడమ వైపు రెండు వేళ్ళ వాలు

నర్సీపట్నం నుంచి చింతపల్లి వెళ్ళే రోడ్డులో కమాన్ కట్టల సింహాద్రి అంటే తెలియని లారీ లేదు. బండి బరువు మోసే వంపు రేకుల కట్టలు, అవే కమాన్లు, మార్చడం అతని పని. మనుషులకంటే బళ్ళే అతన్ని ఎక్కువ ఎరుగును. అరవై దాటినా చూపు మాత్రం పాపిష్టి చూపు. కారు ఆగీ ఆగకముందే వెనక కమాన్లు చూసి, ఆ ఇంట్లో ఎవరు లావో, ఎవరు ఏ పక్క కూర్చుంటారో చెప్పేస్తాడు. అది విని ఆడవాళ్ళు మొహం మాడ్చుకున్న రోజులూ ఉన్నాయి. అతనికో పట్టింపు కూడా ఉంది. కమాన్లు మార్చిన కారుకు ఆఖరి బిగింపు ఖాళీగా ఉండగా చెయ్యడు. ఇంటివాళ్ళు వచ్చి ఎవరి చోట్లో వాళ్ళు కూర్చోవాలి. అప్పుడు కింద పడుకుని బిగిస్తాడు. ఖాళీ బండికి బిగిస్తే మనుషులెక్కగానే కట్టల చివరనుండే రబ్బరు బుష్షులు మెలిపడి చిరిగిపోతాయంటాడు. నిజమే. కాకపోతే ఆ మాట చెప్పడానికి పెళ్ళి మంత్రాలంత హంగు చేస్తాడు.

ఈ ఏడు వేసవిలో గణేశ్వరరావుగారి పాత అంబాసిడర్ అతని షెడ్డుకు వచ్చింది. ఆయన జీడిపిక్కల వ్యాపారి. మూడేళ్ళ కిందట ఘాట్ రోడ్డు మలుపులో ఆ కారు ఎడమ వైపుకి ఒరిగి చెట్టుకు కొట్టుకుంది. వెనక ఎడమ పక్క కూర్చున్న ఆయన అక్కడికక్కడే పోయారు. నడిపిన మత్స్యలింగం బతికాడు. వాడికి కునుకు పట్టి ఉంటుందని పెద్దలన్నారు. నిజమే కాబోలని మత్స్యలింగమూ తలూపాడు. అప్పట్నుంచి ఒక్కరూ అతని చేతికి తాళం ఇవ్వలేదు. మార్కెట్లో బస్తాలు మోస్తున్నాడు.

విశాఖలో పాత కార్ల పిచ్చి ఉన్న ఒకాయన ఆ కారు కోరుకున్నాడు, వెడల్పు టైర్లు పట్టేలా చేసిమ్మన్నాడు. అవి పట్టాలంటే వెనక కమాన్ కట్టల్ని లోపలికి, ఛాసిస్ చట్రం కిందకి జరపాలి. దానికి తగ్గ ఇరుసు వెయ్యాలి. గణేశ్వరరావుగారి భార్య రాజేశ్వరిగారు ఆ పని సింహాద్రికే అప్పజెప్పారు.

"ఆయన మీ చెయ్యి తప్ప ఇంకో చెయ్యి పడనిచ్చేవారు కాదు మేస్త్రీగారూ" అన్నారు.

పాత ఇరుసు దింపిన రోజే సింహాద్రికి చెమటలు పట్టాయి. కమాన్ కట్ట మధ్యలో ఒక బోల్టు ఉంటుంది. దాని తల ఇరుసు మీది చిల్లులో కూర్చుంటేనే ఇరుసు కదలకుండా ఉంటుంది. ఎడమ వైపు ఆ చిల్లు పక్కన బోల్టు తలంత గుంట, అక్కణ్ణుంచి జారిపోయిన గీత కనిపించాయి. తల ఏనాడూ చిల్లులో కూర్చోలేదు. ప్రమాదానికి ముందు రోజు ఆ కట్ట మార్చింది తనే. "బేగి కానీ, తెల్లారి చింతపల్లి ఎల్లాలి" అని గణేశ్వరరావుగారు తొందరపెట్టారు. బోల్టు కుదరలేదని చేతికి తెలిసింది. మళ్ళీ జాకీ ఎత్తడానికి బద్ధకించి, కట్టనీ ఇరుసునీ చుట్టి పట్టే యూ బోల్టులున్నాయి, అవే పట్టుకుంటాయిలే అనుకుని బిగించేశాడు. మలుపులో ఇరుసు జారితే మత్స్యలింగం స్టీరింగ్ ఎటు తిప్పి ఏం లాభం?

సింహాద్రి ఎవరికీ చెప్పలేదు. పాత ఇరుసును తుక్కులో పడేశాడు. చెప్పకుండా ఉండటం ఇంత తేలికా అని అతనికే భయమేసింది.

కొత్త కట్టలు, కొత్త ఇరుసు ఎక్కించి, కారును నేల మీదకి దించి, దూరంగా నిలబడి చూశాడు. ఎడమ వెనక రెండు వేళ్ళు దిగి ఉంది. నేలకు రసమట్టం పెట్టాడు. టైర్లలో గాలి కొలిచాడు. రెండు కట్టల్నీ అటుదిటు మార్చాడు. లోపం కట్టలో ఉంటే వాలు కుడికి పోవాలి. పోలేదు. ఎడమ వైపే, అవే రెండు వేళ్ళు. ఛాసిస్‌కు అతికిన బ్రాకెట్లు కోసి మళ్ళీ అతికాడు. పొద్దున్న సమానంగా ఉన్న కారు, టీ తాగి వచ్చేసరికి దిగిపోయి ఉండేది. ఎవరో అప్పుడే ఎక్కినట్టు కమాన్ రేకుల మధ్య కిర్రుమని చప్పుడు. షెడ్డు రేకులు కాలిపోతున్న ఎండలో కూడా వెనక సీటు ఎడమ సగం మీద చెయ్యి వేస్తే చల్లగా తగిలేది.

బోల్టు, కట్ట, ఇరుసు, బ్రాకెట్లు, అన్నీ మార్చాడు. ఇక మారనిది తనొక్కడే. నోరు తెరిస్తే నలభై ఏళ్ళు సంపాదించిన పేరు పోతుంది. తెరవకపోతే అవతల ఒక మనిషి బతుకు బస్తాల కింద అలాగే నలిగిపోతుంది.

ఆఖరి బిగింపు రోజున మత్స్యలింగానికి కబురు పెట్టాడు. మధ్యాహ్నం రాజేశ్వరిగారు వచ్చి, అతన్ని చూడగానే మొహం తిప్పుకున్నారు.

"ఈ మనిషినెందుకు పిలిచేరు మేస్త్రీగారూ?"

"ఎవరి సోట్లో ఆళ్ళు కూకోవాలమ్మగారూ. అదే మన పద్ధతి."

ఆమె వెనక కుడి పక్క, తన చోట్లో కూర్చున్నారు. మత్స్యలింగం స్టీరింగ్ ముందు, సీటు అంచున కూర్చున్నాడు. వెనక ఎడమ చోటు ఖాళీ. సింహాద్రి స్పానరు పట్టుకుని కిందకి పాకాడు. అతను చూస్తుండగానే ఎడమ కట్ట వంగింది. రేకు మీద రేకు ఒరుసుకుంటూ, ఒక పెద్దమనిషి పంచె సర్దుకుని కూర్చున్నంత తీరుబడిగా వంగింది. పైన రాజేశ్వరిగారు చటుక్కున తలుపు వైపు జరిగిన చప్పుడైంది.

"ఏటిది?" అన్నారు.

ఎదురుగా నిలబడి చెప్పే ధైర్యం సింహాద్రికి జన్మలో వచ్చేది కాదు. ఇనుము చాటున ఉన్నాడు గనక నోరు పెగిలింది.

"అమ్మగారూ, బాబుగారి సావుకి కారణం నానే. ఆ రోజు ఎడం కట్ట బోల్టు సిల్లులో కూకోనేదు. నాకు తెలుసు. తెలిసే బిగించీసేను. మలుపులో ఇరుసు జారిపోనాది. మత్స్యలింగం తప్పేటీ నేదు."

రోడ్డు మీద లారీ ఒకటి వెళ్ళిపోయింది. వెనక తలుపు తెరుచుకుంది. రాజేశ్వరిగారి కాళ్ళు నేల మీదకి దిగి అతని తల పక్కనే ఆగాయి. తంతారనుకున్నాడు. తంతే బాగుండుననీ అనుకున్నాడు. ఆ కాళ్ళు ముందు తలుపు దగ్గరకు నడిచాయి.

"మత్స్యలింగం..." అన్నారామె.

అతను దిగలేదు. స్టీరింగ్ రెండు చేతులా పట్టుకుని ఉన్నాడు.

"అయితే నాకు కునుకు పట్టనేదా మేస్త్రీ?"

"నేదు బాబూ."

"నిజంగా?"

"నేదు. ఒట్టు."

"కంటినిండా తొంగోక మూడేళ్ళయిపోనాది. తొంగుంటే ఎవులో ఒకలు సచ్చిపోతారని బయం" అన్నాడు మత్స్యలింగం.

సింహాద్రి కింద నుంచి పాక్కుంటూ బయటకు వచ్చి, దుమ్ము దులుపుకోకుండానే ముందు తలుపు దగ్గరకు వెళ్ళాడు. మత్స్యలింగం స్టీరింగ్ మీద తల ఆన్చి నిద్రపోతున్నాడు. భుజం తట్టి లేపబోతే, రాజేశ్వరిగారు సింహాద్రి వైపు చూడకుండానే చేత్తో వద్దన్నారు.