పిల్లల మంచానికి వేసిన ఆకుపచ్చ రంగు

పోయిన వారం మా అమ్మాయి, ఎవరో ఇల్లు ఖాళీ చేస్తూ అమ్మేసిన పాత కుర్చీ ఒకటి కొనుక్కొచ్చి, బాల్కనీలో కాగితాలు పరుచుకుని, ముక్కుకు గుడ్డ కట్టుకుని, దానికి నీలం రంగు వేస్తోంది. చూద్దామని వెళ్ళినవాణ్ణి టర్పెంటైన్ వాసన తగలగానే గుమ్మం దగ్గరే ఆగిపోయాను. వాసన పడడం లేదనుకుని లోపలికి వెళ్ళమంది. ఇన్నేళ్ళయినా ఆ వాసనకు నా అరచేతులు చెమరుస్తాయని, అది ఆమె తొమ్మిది నెలల పిల్లగా ఉన్నప్పటి భయమని చెప్పలేక వచ్చేశాను.

తొంభైల చివరి రోజులవి. గుంటూరులో ఒక పురుగుమందుల కొట్టులో గుమాస్తాగా ఉండేవాణ్ణి. పత్తికి పచ్చపురుగు పడిన ఏడు ఆ కొట్ల ముందు రైతులు ఎలా తోసుకునేవారో నా వయసువాళ్ళకు గుర్తుండే ఉంటుంది. పొద్దస్తమానం ఆ ఘాటులోనే ఉండడం వల్ల కొన్నాళ్ళకు నా ముక్కు దాన్ని పసిగట్టడమే మానేసింది. ఖాళీ డబ్బాలను ఎవరూ పారేసేవారు కాదు. గట్టి డబ్బాలు, బిగుతు మూతలు. పల్లెల్లో వాటిలో కిరసనాయిలు పోసుకునేవారు, కొందరైతే దొడ్లో చెంబుల్లా వాడుకునేవారు. మందు మనల్ని ఏమీ చేయదని, అది పురుగుల కోసమేనని ఏదో ధీమా మా అందరికీ.

పాత సామాన్ల కొట్టులో నాకొక పిల్లల మంచం దొరికింది. టేకుది, నాలుగు వైపులా చెక్క చువ్వలు, రంగు మాత్రం పొలుసులుగా లేచిపోయింది. గరుకు కాగితంతో రుద్ది, పగుళ్ళలో లప్పం పెట్టి, మా కొట్టు తలుపులకు వేయగా మిగిలిన ఆకుపచ్చ రంగు తెచ్చుకున్నాను. అది గడ్డకట్టినట్టు ఉంటే, ఒక ఖాళీ మందు డబ్బాలో పోసి టర్పెంటైన్ కలిపాను.

"ఆ డబ్బా కొట్టులోదేనా అండీ?" అంది మా ఆవిడ.

"కడిగాలేవే, సబ్బేసి మరీ."

సబ్బు లేదు, ఏమీ లేదు. కాసిని నీళ్ళు పోసి, ఊపి, పారబోశాను. ఆమె నమ్మింది. మంచం కొత్తదానిలా తేలింది. మా అత్తగారు వచ్చి చూసి, "పర్లేదే, మీ ఆయనకు చొక్కా నలగని పనులే వచ్చనుకున్నాను" అంటే పొంగిపోయాను.

పాపకు పళ్ళొచ్చే రోజులు. చువ్వ పట్టుకుని నిలబడి, పై చెక్కను చిగుళ్ళతో కొరుకుతూ ఉండేది. ఒకనాడు మధ్యాహ్నం ఇంటి నుంచి కబురొస్తే పరుగెత్తాను. పిల్ల నోటి వెంట చొంగ ధారగా కారుతోంది, వాంతులు, మెడ నిలవడం లేదు. పెదవి మీద ఆకుపచ్చ పెచ్చు ఒకటి అంటుకుని ఉంది. ఆటోలో కూర్చున్నప్పుడు నాకు డబ్బా గుర్తొచ్చింది. పిల్ల పోతుందేమోనన్న భయంతో పాటు, ఈ సంగతి బయటపడుతుందేమోనన్న భయం కూడా అంతే బలంగా పట్టుకుంది. రాయడానికి సిగ్గుగా ఉన్నా అదే నిజం.

డాక్టరు గారు పాప కళ్ళలోకి లైటు వేసి చూసి, పురుగుమందు ఏమైనా తగిలిందా, ఇంట్లో ఉందా అని అడిగారు.

"లేదండి" అన్నాను.

"ఉందండీ డాక్టరు గారూ" అంది మా ఆవిడ. "మంచం రంగు ఆ డబ్బాలోనే కలిపారు. కడిగారో లేదో ఆయన్నే అడగండి."

"కడిగావా?"

"ఊపి పారబోశానండి."

"ఏం మందయ్యా? పేరు చెప్పు, త్వరగా!"

చెప్పాను. పాపను లోపలికి తీసుకుపోయారు. నేను వరండాలో గోడకు ఆనుకుని కూలబడ్డాను. ఎవరికో తోడొచ్చిన పెదకాకాని ముసలావిడ పక్కనే ఉంది. "ఒరేయ్ నాయనా, నీ ఏడుపు ఆపరా. లోపల పిల్ల ఏడిస్తే వినపడొద్దూ?" అని కసిరింది. నోరు మూసుకుని చెవులొగ్గి కూర్చున్నాను. పిల్ల ఏడవాలని అంతగా కోరుకున్న తండ్రి ఉంటాడో ఉండడో. తలుపు అవతల చప్పుడు ఆగినప్పుడల్లా లేచి నిలబడేవాణ్ణి. పొద్దు వాలుతుండగా పాప గుక్కపట్టి ఏడ్చింది. ముసలావిడ నా భుజం మీద ఒక్కటి చరిచి లేచి వెళ్ళిపోయింది.

ఆ జబ్బు డబ్బాలోని మందు వల్ల వచ్చిందో, మంచం పాత రంగులోని సీసం వల్ల వచ్చిందో తేల్చి చెప్పలేమన్నారు డాక్టరు గారు. నాకు తేల్చుకోవలసింది ఏమీ కనిపించలేదు. మంచాన్ని గొడ్డలితో ముక్కలు చేసి ఊరవతల పూడ్చేశాను.

ఇప్పుడు ఆ డబ్బాల్లో కిరసనాయిలు పోసుకునే ఇల్లు మా వైపు కనబడదు. నేను పనిచేసిన కొట్టు స్థానంలో సెల్‌ఫోన్లు అమ్ముతున్నారు. మా ఆవిడ మాత్రం ఆ రోజు గురించి ఒక్కసారి కూడా నన్ను దెప్పలేదు. కాకపోతే అప్పటి నుంచి ఏదైనా రెండుసార్లు అడుగుతుంది. గ్యాసు కట్టేశారా, కట్టేశారా. మాత్ర వేసుకున్నారా, వేసుకున్నారా. అవునని మొదటిసారి నేను చెప్పగానే నమ్మి తన పనిలో తాను పడిపోయే ఇల్లాలు ఒకప్పుడు మా ఇంట్లో ఉండేది. రెండో ప్రశ్నకు జవాబిచ్చిన ప్రతిసారీ నాకు ఆ ఇల్లాలే గుర్తొస్తుంది.