ఎర్ర గుడ్డ కట్టిన బోటు

మా ఆర్మీ ట్రక్కులు కరకట్ట మీద ఆగేసరికి తెల్లవారుతోంది. సన్నగా వాన. ఎడమ చేతి వైపు చెరకు తోటలు, కుడి చేతి వైపు కృష్ణ. పైన బ్యారేజీ గేట్లన్నీ ఎత్తేశారు. ఉయ్యూరు దాటాక నది మధ్యలో ఉండాల్సిన లంక ఊళ్ళో డాబాలు, కొబ్బరి తలలు, కరెంటు స్తంభాలు మాత్రమే పైకి కనిపిస్తున్నాయి. మిగతాదంతా ఎర్రటి నీళ్ళు.

సామాను దించాం. రెండు రబ్బరు బోట్లు, రెండు మోటార్లు, తాళ్ళు, లైఫ్ జాకెట్లు, రెండు రేడియో సెట్లు. కెప్టెన్‌ది హర్యానా. రేడియో ఆపరేటర్‌ది ఒడిశా. వంటవాడిది గఢ్వాల్. తెలుగు వచ్చినవాణ్ణి నేనొక్కణ్ణే, అందుకే బోటు నడపడంతో పాటు దుబాసీ పని కూడా నా నెత్తినే పడింది. మాది మంగళగిరి, నేత ఇల్లు. మగ్గం గుంటలో ఉండాల్సిన కాళ్ళు నీళ్ళలో పడ్డాయని మా నాన్న ఎగతాళి చేసేవాడు.

ఇప్పుడు రిటైరై బెంజ్ సర్కిల్ దగ్గర ఒక బట్టల షాపులో సెక్యూరిటీ సూపర్‌వైజర్‌గా ఉన్నాను. టీ తాగేటప్పుడు కుర్రాళ్ళు కాశ్మీరు సంగతులు అడుగుతారు. నేను ఈ లంక సంగతి చెబుతాను. వరద డ్యూటీ కూడా ఒక డ్యూటీయేనా అన్నట్టు చూస్తారు. నేనేం పట్టించుకోను.

బోట్లలో గాలి నింపుతుండగా ఒక అధికారి వచ్చాడు. పక్కన ఇద్దరు ఊరి పెద్దలు. ఊరినీ పేటనీ ఒకే బోటు ఎక్కించవద్దు, గొడవలవుతాయి అని చెప్పాడు. కారణం కూడా చెప్పాడు. కొన్నేళ్ళ కిందట లంక భూమి సాగు విషయంలో ఊరివాళ్ళు పేట మీద పడ్డారు. ఇళ్ళు తగలబెట్టారు. పేట కుర్రాడొకడు చనిపోయాడు. కేసు ఇంకా విజయవాడ కోర్టులో నడుస్తోంది.

నేను హిందీలో చెప్పాను. కెప్టెన్ ఒక్క నిమిషం ఆలోచించాడు. గొడవ అయితే టైము పోతుంది, టైము పోతే మనుషులు పోతారు అన్నాడు. బోటు నంబర్ రెండుకి ఎర్ర గుడ్డ కట్టమన్నాడు. ఎర్ర గుడ్డది పేటకి, గుడ్డ లేనిది ఊరికి. గుర్తులు పెట్టి పని చేయడం మాకు మొదటి నుంచీ అలవాటు. ఆ గుడ్డ నేనే కట్టాను.

మధ్యాహ్నానికి రెండు బోట్లూ చాలామందిని తెచ్చాయి. అప్పుడు నా దగ్గరికి ఒక అమ్మాయీ అబ్బాయీ వచ్చారు. అమ్మాయి పేరు సువార్త. ఉయ్యూరులో పిల్లలకి కంప్యూటర్ నేర్పుతుంది. చనిపోయిన కుర్రాడు ఆమె అన్నయ్య. అబ్బాయి పేరు శ్రీకర్. వాళ్ళ పెదనాన్న ఆ కేసులో ముద్దాయి. ఇద్దరూ పక్కపక్కన నిలబడి ఉండడం చూసి నేను ముందు నమ్మలేదు.

"సార్, ఆ గుడ్డ ఎందుకు కట్టారండీ?" అంది సువార్త.

ఆర్డర్ అన్నాను.

"రెండు వైపుల వాళ్ళనీ ఒక చాప మీద కూర్చోబెట్టడానికి మాకు మూడేళ్ళు పట్టింది సార్. మీరొచ్చి ఒక్కపూటలో విడగొట్టేశారు."

గట్టిగా అనలేదు. గట్టిగా అనుంటే బాగుండేది. మోటారులో పెట్రోలు చూసుకున్నాను.

మిగతాది శ్రీకర్ చెప్పాడు. రెండు వైపుల కుర్రాళ్ళూ కలిసి ఒక సంఘం పెట్టుకున్నారు. నెలకో ఆదివారం కరకట్ట మీద చాపలు పరుస్తారు. ఎవరింటి బియ్యం వాళ్ళు తెచ్చి ఒకే గిన్నెలో పోస్తారు. అన్నం ఉడికేలోపు ఎవరో ఒకరు ఇళ్ళు తగలబడిన రోజు తాము చూసింది చెప్పాలి. చెప్పడం పూర్తయ్యేదాకా ఎవరూ అడ్డు రాకూడదు, లేచి వెళ్ళకూడదు. అదొక్కటే వాళ్ళ నియమం. ఊరి పెద్దలు రాజీ అంటే కేసు తీసేయడం అనుకున్నారు. కుర్రాళ్ళు ఒప్పుకోలేదు. కేసు కోర్టులో జరగాల్సిందే, మాట ఇక్కడ జరగాల్సిందే అన్నారు.

సువార్త ప్రతిసారీ ఒకే ప్రశ్న అడుగుతుందట. చివర్లో మా అన్నయ్య ఏమన్నాడు? జవాబు చెప్పగలిగినవాడు ఒక్కడే. ఆఖరి క్షణాల్లో పక్కన ఉన్నది శ్రీకర్ పెదనాన్న. ఆయన ఏనాడూ ఆ చాప దగ్గరికి రాలేదు.

సాయంత్రం అయిదుకి ఊరి బోటు మోటారు ముళ్ళకంచెకి తగిలి రెక్కలు విరిగాయి. నీళ్ళు ఇంకా పెరుగుతున్నాయి. లెక్క చూస్తే లంకలో మిగిలింది ఒక్కరే. ఆ పెదనాన్నే. గేదెల్ని వదిలి రానని పాత డాబా మీద ఉండిపోయాడు. గేదెలు పొద్దునే కొట్టుకుపోయాయి.

నేను ఎర్ర గుడ్డ బోటు తీశాను. దారి చూపించడానికి శ్రీకర్ ఎక్కాడు. సువార్త కూడా ఎక్కింది. నువ్వెందుకమ్మా అన్నాను.

"ఆయన పోతే నాకు చెప్పేవాళ్ళెవరూ ఉండరు సార్," అంది.

అరటి తోటల మీదుగా వెళ్ళాం. గెలలు నీళ్ళలో వేలాడుతున్నాయి. ఒక కొబ్బరి మట్ట మీద పాము చుట్టుకుని ఉంది, మమ్మల్ని చూసి కదల్లేదు. నాకు భయం వేయలేదు. ఏమీ అనిపించలేదు. అప్పటికి వేళ్ళ మీద చర్మం ముడతలు పడి తెల్లగా అయిపోయింది, లోపల కూడా అంతే.

డాబా పిట్టగోడకి జానెడు కిందే నీళ్ళు. ముసలాయన పంచె పైకి కట్టుకుని కూర్చున్నాడు. బోటు చూశాడు. గుడ్డ చూశాడు. పొద్దుటి నుంచీ ఆ గుడ్డ ఎవరిదో ఆయనకి తెలుసు.

"అది మాది కాదు. వెళ్ళండి," అన్నాడు.

శ్రీకర్ బతిమాలాడు, తిట్టాడు. రేడియోలో కెప్టెన్ గొంతు వచ్చింది. "వెలుతురు పోతోంది. వెనక్కి రా. ఓవర్."

"ఇంకొక్క మనిషి ఉన్నాడు సాబ్. ఓవర్."

"పది నిమిషాలు. ఓవర్."

సువార్త ముందుకి వంగి ముడి విప్పింది. తడిసి బిగిసిపోయిన ముడి, పళ్ళతో లాగాల్సి వచ్చింది. గుడ్డ నీళ్ళలో వదిలేసింది.

"ఇప్పుడు ఎవరిదీ కాదండీ. ఎక్కండి."

ఆయన చాలాసేపు ఆమె ముఖం చూశాడు. గుర్తుపట్టాడని నాకు తెలిసింది. లేచి, పిట్టగోడ పట్టుకుని, బోటులోకి దిగాడు. శ్రీకర్ లైఫ్ జాకెట్ తొడిగాడు.

సగం దూరం రాకుండానే గుర్రపుడెక్క మోటారుకి చుట్టుకుంది. ఇంజన్ ఆగింది. తాడు కరెంటు స్తంభానికి వేసి కట్టి, చెయ్యి నీళ్ళలో పెట్టి నారలు తెంపడం మొదలుపెట్టాను. ఇంజన్ చప్పుడు లేకపోయేసరికి అంతా నిశ్శబ్దమైంది. అప్పుడు సువార్త చెప్పడం మొదలుపెట్టింది.

ఏడవలేదు. ఆ రోజు పొద్దున అన్నయ్య ఏం తిన్నాడు, ఎటు వెళ్ళాడు, పొగ ఎటు నుంచి వచ్చింది, వాళ్ళమ్మ ఏ గోడ చాటున దాక్కుంది, అన్నీ వరసగా చెప్పింది. నేను వీపు తిప్పి ఉన్నాను. ఒక్కసారి కూడా వెనక్కి చూడలేదు. చూడాలనిపించలేదు. ఆఖరికి, మీరు పక్కనే ఉన్నారు కదండీ, ఏమన్నాడు అని అడిగింది.

ఆయన లైఫ్ జాకెట్ పట్టీ బిగించుకున్నాడు. ఇంజన్ అంటుకుంది. తాడు విప్పేశాను.

కరకట్ట చేరేసరికి మసక చీకటి. పైన మనుషులు నిలబడి ఉన్నారు, ఊరివాళ్ళూ పేటవాళ్ళూ. రేడియో ఆపరేటర్ చెయ్యి అందించాడు. ముసలాయన అందుకోలేదు.

"పెదనాన్నా, దిగు," అన్నాడు శ్రీకర్.

"ఉండరా. అమ్మాయి అడిగింది కదా."

అందరూ వింటున్నారు. ఆయన తల వంచుకునే చెప్పాడు.

"మంచినీళ్ళు అడిగాడమ్మా. రెండుసార్లు అడిగాడు. బిందె నా పక్కనే ఉంది. నేను ఇవ్వలేదు."

 ఆ తర్వాతే ముగ్గురూ దిగారు.

మేం మర్నాడు విజయవాడ వచ్చేశాం. అక్కణ్ణుంచి రైల్లో యూనిట్‌కి. దారంతా నిద్రపోయాను. కేసు ఇంకా నడుస్తోందట. ఆ మాట ఆయన కోర్టులో కూడా చెప్పాడని శ్రీకర్ ఫోన్ చేసి చెప్పాడు. మంచిదే అన్నాను. 

నాకు కోర్టు సంగతి కాదు గుర్తొచ్చేది. బోటు దిగిన ప్రతివాళ్ళకీ మా వంటవాడు ఒక మంచినీళ్ళ ప్యాకెట్ ఇచ్చేవాడు. వాడికి తెలుగు రాదు. ఏం జరిగిందో వాడికి తెలియదు. సువార్త చేతిలో ఒకటి పెట్టాడు. ముసలాయన చేతిలో ఒకటి పెట్టాడు. ఇద్దరూ కరకట్ట మీద వానలో పక్కపక్కనే నిలబడ్డారు. ట్రక్కు లైట్ల వెలుతురు వాళ్ళ చేతుల మీద పడుతోంది. ఇద్దరూ ఆ ప్యాకెట్లు విప్పలేదు, కింద పెట్టనూ లేదు.