ఏడో గేరు

బుధవారం, శనివారం నేను పాలకుర్తి నుంచి అక్క ఊరికి సైకిలు మీద వెళ్తాను. అక్కకు మతిమరుపు ముదిరింది. నా పేరు ఎప్పుడో మరిచిపోయింది, పచ్చీసు ఆట మాత్రం మరవలేదు. గడప మీదికి ఎండ వచ్చే వేళకు గవ్వలు ముందు పోసుకొని కూచుంటుంది. ఎండ గడప దాటినా నేను రాకపోతే లేచి వెతకబోతుంది.

ఆ ఊరికి ముందు చెరువు కట్ట ఎక్కాలి. మోకాళ్ళు మొరాయించాక జనగామలో ఒక మెకానిక్ దగ్గర వెనక చక్రానికి మోటరు పెట్టించాను. పత్తి మిల్లులో లెక్కలు రాసి బతికినదాన్ని, ఏది ఇచ్చానో ఏది తిరిగొచ్చిందో చూసుకోకుండా ఎక్కడినుంచీ కదలను. ఏడు గేర్ల సైకిలు ఇస్తే ఒక్క గేరుతో తిరిగొచ్చింది.

“మోటరుండంగ గేర్లు దేనికవ్వా?” అన్నాడు మెకానిక్.

“మోటరు ఆగిననాడు?”

“గదెందుకాగుతది?”

మూడో వారం ఆగింది. ముందురాత్రి కరెంటు పోయి బ్యాటరీ సగమే నిండింది. కట్ట మొదట్లో మోటరు చల్లబడింది. ఉన్న ఒక్క గేరుతో తొక్కబోతే పెడలు దిగనే లేదు. మోటరు బరువుతో సహా సైకిలు నెట్టుకుంటూ ఎక్కాను. నేను చేరేసరికి పక్కింటామె అక్కను చేయి పట్టుకొని రోడ్డు మీది నుంచి తోలుకొస్తున్నది.

సాయంత్రం అక్క కొడుకు మెల్లగానే అన్నాడు: “చిన్నమ్మా, వస్తే యాళ్లకు రా. లేకుంటే మొత్తమే రాకు. ఎదురుసూసుడన్న మరుస్తది.”

నా రాకను కూడా మరిపించాలనుకుంటున్నాడు. ఆ రాత్రి కూచోలేకపోయాను, పడుకోలేకపోయాను. తెల్లారి మొదటి బస్సుకు సైకిలును పైన కట్టించి జనగామ పోయాను.

“నా గేర్లు నాకు పెట్టు,” అన్నాను. “మోటరు చక్రాన్ని నేరుగా తిప్పుతది. దానికి గేర్లతో పని లేదు. అవి నా కాళ్ళకు.”

పాత గేర్ల పళ్ళచక్రాల గుత్తిని మోటరు మీద బిగించాడు. మరలు కలిశాయి, అది సరిగ్గానే ఎక్కింది. కానీ ఏడో గేరులో, అంటే అన్నిటికంటే చిన్న చక్రం మీద, చైను ఫ్రేముకు రాసుకుంటున్నది. మోటరు వెడల్పు వల్ల చోటు చాలలేదు.

“ఆరుతోని సరిపెట్టుకో. చైను ఏడోదాని మీదికి పోకుంట స్క్రూ బిగిస్త.”

“ఏడు ఇచ్చిన. ఏడు కావాలె.”

పల్చటి వాషర్ వస్తే చూద్దామన్నాడు. ఒక బుధవారం వాషర్ కోసమే పోయింది. ఇంట్లో నుంచి వాకిట్లోకి, వాకిట్లో నుంచి ఇంట్లోకి తిరిగాను. ఎండ నా గడప మీదికి వచ్చినప్పుడల్లా అక్కడ కూడా వచ్చి ఉంటుందని తెలుసు. శుక్రవారం మళ్ళీ దుకాణం ముందు నిలబడ్డాను. వాషర్ రాలేదు.

“అవ్వా, ఒక్కటడుగుత. ఏడో గేరు ఎన్నడన్న వాడినవా?”

“లేదు.”

“మరి ఎవలికోసం?”

వంగి పెడలును చేత్తో తిప్పి చూశాను. కట్ట ఎక్కడానికి కావలసింది ఒకటో గేరు, లోపలివైపు పెద్ద చక్రం. అది చక్కగా తిరుగుతున్నది. “బిగియ్యి,” అన్నాను.

శనివారం పొద్దు ఎక్కకముందే బయలుదేరాను. కట్ట మొదట్లో కావాలనే మోటరు ఆపి ఒకటో గేరులో వేశాను. మోకాళ్ళు నొచ్చాయి గానీ పెడలు ఆగలేదు. మేకలతో వస్తున్న మనిషి పక్కనుంచే దాటిపోతూ, “పెద్దమ్మా, దిగి మేకల్లో కలువరాదా, జల్ది పోతవు,” అన్నాడు. దిగలేదు. మధ్యలో రెండు చోట్ల ఊపిరి తీసుకొని పైకి ఎక్కాను.

అక్క ఇంటికి చేరేసరికి ఎండ ఇంకా అరుగు మీదే ఉంది. అక్క గవ్వలు కూడా తీయలేదు.

“ఇంత ఆలస్యమా?” అన్నది.

ఆటకు కూచున్నామే గానీ నా మనసు సైకిలు మీదే. లివరు మీద ఏడు అంకె అట్లనే ఉంది, నొక్కితే టిక్కుమంటుంది, చైను మాత్రం కదలదు. మళ్ళీ మళ్ళీ లేచి బయటికి వెళ్ళి నొక్కి చూసి వచ్చాను. ఆఖరుసారి వచ్చేసరికి అక్క కాయ పండి మధ్య గడిలో కూచుంది.

“ఇది ఎట్ల పండింది? లెక్క తప్పింది,” అన్నాను.

“నువ్వు కూసుంటె గదా లెక్క,” అన్నది అక్క. గవ్వలు నా చేతిలో పెట్టి, నేను వాటిని వేసేదాకా నా మణికట్టు వదల్లేదు.